నాలుగోవాడు వినపడడేం? – పాత మెటల్ ఆల్బమ్‌ను మళ్ళీ మిక్స్ చేస్తే



గత వార్షికోత్సవానికి మైకులు చూసుకోవడానికి వచ్చినప్పుడు జరిగిన సంగతి ఇది. స్టేజీ వెనక వైర్లు కలుపుతుంటే పదో తరగతి తమ్ముడొకడు, మన డప్పు బృందంలో వాయించేవాడు, పక్కన చేరి ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టాడు. "అన్నయ్యా, ఈ బ్యాండులో నలుగురున్నారంట. నాకు ముగ్గురే వినపడుతున్నారు. నాలుగోవాడేం చేస్తున్నట్టు?" అన్నాడు.

విన్నాను. అమెరికాలోని మెటాలికా అనే బృందం 1988లో తెచ్చిన 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' ఆల్బమ్. వీడి చెవిని మెచ్చుకోవాలి. వీడు అడిగిన ప్రశ్ననే ప్రపంచమంతటా మెటల్ పాటలు వినేవాళ్ళు 30 ఏళ్ళకు పైగా అడుగుతున్నారు. ఆ నాలుగోవాడి పేరు జేసన్ న్యూస్టెడ్. వాయించేది బేస్ గిటారు. వాయించాడు, రికార్డయింది, టేపులో ఉంది. మనకు మాత్రం వినపడదు. ఎందుకు వినపడదు, వినపడేలా చేయొచ్చా అని చెప్పబోతుంటే ముఖ్య అతిథి గారి కారు వచ్చేసింది. అప్పుడు చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

మెటల్ అంటే తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళతాను. గిటారు శబ్దాన్ని అంప్లిఫయర్‌లో కావాలని పగలగొట్టి, గరుకుగా, బరువుగా చేసి, దాని కింద డ్రమ్ములు జోరుగా కొట్టే సంగీతం అది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ అనే ఫ్యాక్టరీల ఊళ్ళో పుట్టింది. బ్లాక్ సబ్బాత్ అనే బృందం 1970 ఫిబ్రవరిలో తెచ్చిన మొదటి ఆల్బమ్‌తో మొదలైందని చాలామంది ఒప్పుకుంటారు. ఆ బృందంలో గిటారు వాయించే టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో కూలీగా చేసేవాడు. 17 ఏళ్ళ వయసులో మెషీన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ళ చివర్లు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ చేతితోనే. ప్లాస్టిక్ కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. బిగుతు తీగలు నొక్కడం కష్టమని తర్వాత రోజుల్లో వాటిని వదులు చేశాడు. వదులు చేస్తే శ్రుతి కిందికి దిగింది, శబ్దానికి బరువొచ్చింది. ఈ రోజు ప్రపంచమంతా మెటల్ శబ్దం అనుకునే దానిలో సగం ఆ తెగిన వేళ్ళ నుంచి వచ్చిందే. మన దగ్గరా ఈ సంగీతం ఉంది. హైదరాబాదు నుంచి గాడ్‌లెస్ అనే బృందం 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అనే ఆల్బమ్ తెచ్చింది. అందరికీ నచ్చే సంగీతం కాదు. మా అమ్మ ఒకసారి విని, "ఎవర్నైనా కొడుతున్నార్రా?" అని అడిగింది.

ఇక అసలు విషయం. మనవాళ్ళకు రీమిక్స్ అంటే పాత సినిమా పాటను కొత్త హీరో మీద, కొత్త దరువుతో మళ్ళీ తీయడం. 1977 నాటి 'యమగోల' పాటను 2007లో 'యమదొంగ'లో పెట్టారు కదా, అలాగన్నమాట. నేను చెప్పే రీమిక్స్ అది కాదు. అదే పాట, అదే గొంతు, అదే రోజు వాయించిన వాయిద్యాలే ఉంటాయి. వాటిని కలిపిన పాళ్ళు మాత్రం మారతాయి. రీమాస్టర్ అని ఇంకో మాట ఉంది. ఈ రెండూ ఒకటేనని చాలామంది పొరబడతారు.

మన హాస్టల్ సాంబారు తీసుకోండి. పప్పు ఒక గిన్నెలో ఉడుకుతుంది, చింతపండు పులుసు ఒకదాంట్లో, ముక్కలు ఒకదాంట్లో, తాలింపు వేరే. స్టూడియోలో ఈ గిన్నెల్నే ట్రాకులు అంటారు. డ్రమ్ములకే ఏడెనిమిది మైకులు పెడతారు. పెద్ద డ్రమ్ముకొకటి, స్నేర్‌కొకటి, పైన తాళాలకు రెండు, ఇలా. బేస్ ఒక ట్రాకు, గిటార్లు నాలుగైదు, గొంతు రెండు మూడు. 1980లలో పెద్ద స్టూడియోల్లో 24 ట్రాకుల టేపు మామూలు విషయం. వంట మాస్టారు అన్నీ తెచ్చి గుండిగలో పోసి కలపడమే మిక్సింగ్. ఏది ఎంత, ఏది కుడివైపు, ఏది ఎడమవైపు, దేనికి గది ప్రతిధ్వని అద్దాలి అన్నది అక్కడ తేలుతుంది. చివరికి మిగిలేవి రెండే ట్రాకులు, ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి. దాన్ని పిల్లలకు వడ్డించే ముందు రుచి చూసి కొంచెం ఉప్పు, కొంచెం కొత్తిమీర వేయడం మాస్టరింగ్.

పదేళ్ళ తర్వాత ఆ గుండిగలోని సాంబారునే వేడిచేసి కొత్త తాలింపు పెడితే అది రీమాస్టర్. ఉప్పు కలపొచ్చు, నీళ్ళు పోయొచ్చు. చింతపండు ఎక్కువైంది, తీసెయ్యండి అంటే మాత్రం ఎవరి వల్లా కాదు. రీమిక్స్ అంటే ఆ రోజు పప్పు, ఆ రోజు పులుసు విడివిడి గిన్నెల్లో అలాగే ఉంటే, వాటితో మళ్ళీ కలపడం. వంటలో ఇది జరగదు. సంగీతంలో జరుగుతుంది, ఎందుకంటే టేపు మీద ఉన్నది ఎన్నిసార్లు వాడినా తరిగిపోదు. అసలు టేపులు దాచి ఉంచితేనే సుమా.

కాబట్టి మెటాలికా ఆల్బమ్‌లో బేస్ వినపడాలంటే రీమాస్టర్ చాలదు. అసలెందుకు వినపడకుండా పోయింది?

దానికి ముందు ఒక విషాదం ఉంది. ఆ బృందంలో అంతకుముందు బేస్ వాయించిన క్లిఫ్ బర్టన్ 1986 సెప్టెంబరు 27న స్వీడన్‌లో బస్సు బోల్తా పడి చనిపోయాడు. 24 ఏళ్ళవాడు. ఆయన చోటులోకి వచ్చినవాడే న్యూస్టెడ్. పూర్తి స్థాయి స్టూడియో ఆల్బమ్ బృందంతో అతనికి అదే మొదటిది. రికార్డింగ్ చేయించిన నిర్మాత ఫ్లెమింగ్ రాస్ముసెన్, బేస్ చాలా బాగా వాయించాడని తర్వాత చెప్పాడు. మిక్సింగ్ చేసింది స్టీవ్ థాంప్సన్, మైఖేల్ బార్బీరో అనే ఇద్దరు. తాము మొదట బేస్ వినపడేలాగే కలిపామని, డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ వచ్చి బేస్ దాదాపు వినపడనంత దించమన్నాడని, దించాక ఇంకా దించమన్నాడని థాంప్సన్ చెబుతాడు. బృందం నాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ మాట ఇంకోలా ఉంటుంది. ఆ వేసవిలో కచేరీలకూ స్టూడియోకూ మధ్య తిరుగుతూ చెవులు అలిసిపోయాయంటాడు. కొత్తగా వచ్చినవాడి మీద చిన్నచూపు అని కొందరంటారు, పోయినవాడి మీద దుఃఖం అలా బయటపడిందని కొందరంటారు. మనసుల్లో ఏముందో నేను చెప్పలేను. శబ్దంలో ఏముందో మాత్రం చెప్పగలను, అది నా పని.

మన చెవి సెకనుకు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల వరకు వింటుంది. వీటిని హెర్ట్జ్ అంటారు, ఎనిమిదో తరగతి సైన్సులో చదివారు. బేస్ గిటారులో అన్నిటికంటే కింది తీగ 41 హెర్ట్జ్. మామూలు గిటారు కింది తీగ 82. పెద్ద డ్రమ్ము బొజ్జ నుంచి వచ్చే 'ధుమ్' అనే భాగం 50 నుంచి 100 మధ్య ఉంటుంది. అంటే ముగ్గురూ ఒకే సీటులో కూర్చోవాలని చూస్తున్నారు. ఇద్దరు పట్టే సీటులో ముగ్గురు ఇరుక్కుంటే ఎవరో ఒకరు జారి నిలబడాల్సిందే. శబ్దాల్లో కూడా అంతే, దగ్గర దగ్గర హెర్ట్జ్‌లో ఉన్నవాటిలో గట్టిది మెత్తనిదాన్ని కప్పేస్తుంది.

ఈ సంగతి మన ఉప్పాడ ఒడ్డున పుట్టినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కెరటాల హోరులో పక్కన నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే సగం మాటలు పోతాయి. పడవ మీదున్నవాళ్ళను పిలవాలంటే గొంతు పెద్దది చేస్తే చాలదు, శ్రుతి పైకెత్తి, సాగదీసి కేకేస్తారు. హోరు అంతా కింద ఉంటుంది కాబట్టి పైన ఖాళీగా ఉన్న దారిలో కేక వెళ్ళిపోతుంది. మిక్సింగ్ బల్ల ముందు కూర్చున్నవాడు చేసేది కూడా ఇదే. వినపడని వాయిద్యం వాల్యూమ్ పెంచడం చివరి పని. దానికి ఖాళీ దారి ఎక్కడుందో వెతకడం మొదటి పని.

జస్టిస్ ఆల్బమ్‌లో ఆ దారులన్నీ మూసుకుపోయాయి. గిటార్లను కింద బాగా లావు చేసి, పైన పదును పెట్టి, మధ్యలో గుల్ల చేశారు. పెద్ద డ్రమ్ముకు 'ధుమ్' కంటే 'టక్' ఎక్కువ. బేస్ వాయించిన స్వరాలేమో చాలాచోట్ల గిటారు స్వరాలే, అదే వేగంతో, ఒక మెట్టు కింద. లావు చేసిన గిటారు కింద అవే స్వరాలు, వాల్యూమ్ కూడా దించేశారు. ఆరు డెసిబెల్స్ దించితే కెరటం ఎత్తు సగమైపోతుంది. ఇంకెక్కడ వినపడుతుంది? నాలుగోవాడు ఉన్నాడని తెలియడానికి కూడా గుర్తు మిగల్లేదు.

ఆ టేపులు నా చేతికిస్తే ఏం చేస్తానో చెబుతాను (ఎవరూ ఇవ్వరనుకోండి). ముందు బేస్ పెంచను. గిటార్లలో 100 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కోసేస్తాను. గిటారు ఒంటరిగా వింటే పీలగా అనిపిస్తుంది, గిటారిస్టు పక్కనుంటే గొడవ పెట్టుకుంటాడు, కానీ మొత్తంతో కలిస్తే ఆ లోటు ఎవరికీ తెలియదు. ఖాళీ అయిన ఆ చోటులో 60 దగ్గర డ్రమ్ముకు, దానికి కొంచెం పైన బేస్‌కు సీటు ఇస్తాను. డ్రమ్ము దెబ్బ పడిన ప్రతిసారీ బేస్ ఒక్క క్షణం తగ్గేలా కంప్రెసర్ అనే పరికరాన్ని కడతాను. ఎదురెదురుగా వచ్చిన ఇద్దరు సన్నటి గట్టు మీద ఒకరికొకరు పక్కకు తప్పుకున్నట్టు. తర్వాత బేస్‌లో 700 నుంచి 1,000 హెర్ట్జ్ మధ్య కొంచెం ఎత్తుతాను. ఇది విచిత్రంగా ఉంటుంది. 41 హెర్ట్జ్ వాయిద్యాన్ని 1,000 దగ్గర ఎత్తడమేమిటి అంటారు. ఏ తీగ మోగినా ఒక్క స్వరమే రాదు. 41తోపాటు 82, 123, 164 ఇలా దాని రెట్లన్నీ పైకి మెట్లు కడతాయి. మామూలు ఫోను స్పీకరు 200 కింద దాదాపు ఏమీ పలకదు. అయినా పై మెట్లు వింటే చాలు, మన మెదడు కింది మెట్టును తనంతట తనే ఊహించుకుని విన్నట్టు భావిస్తుంది. ఫోనులో వినే మన తమ్ముడికి కూడా నాలుగోవాడు కనిపించాలంటే ఈ పైమెట్లే దిక్కు. ఇదంతా అయ్యాక అప్పుడు బేస్ వాల్యూమ్ మీద చెయ్యి వేస్తాను. చివరగా డ్రమ్ములకు కొంచెం గది గాలి. ఆ ఆల్బమ్ మరీ ఎండుచేపలా పొడిగా ఉంటుంది.

మెటాలికా వాళ్ళు మాత్రం ఆ పని చేయలేదు. ఆల్బమ్‌కు 30 ఏళ్ళు నిండాక, 2018 నవంబరులో, మళ్ళీ విడుదల చేశారు. రీమాస్టర్ మాత్రమే చేశారు. బేస్ ఎక్కడున్నది అక్కడే ఉంది. అది ఆనాటి చరిత్ర, దాన్ని మార్చడమెందుకన్నది బృందం మాట. అభిమానులు ఊరుకోలేదు. బేస్ పెంచిన సొంత కూర్పులు తయారు చేసుకుని, 'ఆల్' అన్నచోట 'జేసన్' అని పెట్టి, 'అండ్ జస్టిస్ ఫర్ జేసన్' అని పేరు పెట్టుకుని పంచుకున్నారు. న్యాయం అందరికీ అనే పేరున్న ఆల్బమ్‌లో ఒకడికి అన్యాయం జరిగిందన్న ఎత్తిపొడుపు అందులో ఉంది.

ఇదే బృందం 20 ఏళ్ళ తర్వాత ఇంకో రకం తప్పు చేసింది. దాన్ని మన భాషలో చెప్పాలంటే వినాయక చవితి పందిళ్ళ పోటీ. నేను మైకుసెట్టు కుర్రాడిగా పనికి వెళ్ళే రోజుల్లో ఒకే వీధిలో రెండు పందిళ్ళు. వాళ్ళు వాల్యూమ్ ఒక గీత పెంచితే మావాళ్ళు రెండు పెంచమనేవారు. మూడో రోజుకు రెండు అంప్లిఫయర్లూ చివరి గీత దగ్గరున్నాయి. అక్కడి నుంచి శబ్దం పెరగలేదు, చెడింది. ఘంటసాల గారి గొంతు గొట్టం మైకులోంచి గరగరమని రేకు గోకినట్టు వచ్చింది. సీడీలతో కూడా ఇదే జరిగింది. పక్కవాడి సీడీ కంటే మన సీడీ గట్టిగా వినపడాలని కంపెనీలు 1990ల నుంచి పోటీపడ్డాయి. సీడీలో ప్రతి క్షణం శబ్దాన్ని ఒక అంకెగా రాస్తారు, ఆ అంకె 32,767 దాటడానికి వీల్లేదు. అది కప్పు. కప్పు దాటి పైకి వెళ్ళలేరు కాబట్టి కింద ఉన్న మెత్తటి శబ్దాలన్నిటినీ పైకి నెట్టి, కప్పుకు తగిలిన కెరటాల తలలు కోసేస్తారు. తల తెగిన కెరటం చెవికి గరగరగా తగులుతుంది. పైగా మెల్లగా వచ్చే చోటు, జోరుగా వచ్చే చోటు ఒకేలా అయిపోయి వినేవాడికి ఊపిరాడదు. జోరు జోరులా అనిపించాలంటే ముందు నెమ్మది ఉండాలి కదా.

2008 సెప్టెంబరులో వచ్చిన 'డెత్ మాగ్నెటిక్' దీనికి పెద్ద ఉదాహరణ. నిర్మాత రిక్ రూబిన్. మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సెన్, మిక్సులు తన దగ్గరకు వచ్చేసరికే నలిగిపోయి ఉన్నాయని చెప్పాడు. అంటే సాంబారు గుండిగలోనే చెడింది, వడ్డించినవాడి తప్పు కాదు. విచిత్రంగా, అదే పాటలు 'గిటార్ హీరో' అనే వీడియో ఆటలో కూడా వచ్చాయి. ఆటకు గిటారు వేరు, డ్రమ్ములు వేరు, గొంతు వేరుగా కావాలి కాబట్టి ఆ చివరి నలుగుడు పడకముందు ట్రాకులు ఇచ్చారు. ఆటలోంచి వచ్చిన పాట సీడీ పాట కంటే శుభ్రంగా ఉందని పిల్లలే కనిపెట్టారు. మళ్ళీ మిక్స్ చేయండని పదివేల మందికి పైగా సంతకాలు పెట్టారు. డబ్బు పెట్టి కొన్న సీడీ కంటే పిల్లల ఆటలో శబ్దం బాగుందంటే, మళ్ళీ కలిపితే బాగుపడుతుందన్న దానికి అంతకంటే రుజువు ఏం కావాలి?

అడగ్గా అడగ్గా చేసినవాళ్ళూ ఉన్నారు. కెనడా బృందం రష్. వీళ్ళను మెటల్ అనొచ్చా అన్న తగువు ఒకటుంది, దాని జోలికి వెళ్ళను. డ్రమ్మర్ నీల్ పెర్ట్ 1997లో కూతుర్ని, 1998లో భార్యను పోగొట్టుకుని, వాయించడమే మానేసి, చాలాకాలానికి తిరిగి వచ్చి వాయించిన ఆల్బమ్ 'వేపర్ ట్రైల్స్', 2002లో వచ్చింది. పాటలు మనసులోంచి వచ్చినవి, శబ్దం మాత్రం నలిగి గరగరలాడింది. బృందమే ఆ సంగతి ఒప్పుకుంది. 2009లో రెండు పాటలు మళ్ళీ మిక్స్ చేసి చూశారు. బాగున్నాయనిపించి 2013లో డేవిడ్ బాట్రిల్ చేత మొత్తం ఆల్బమ్ మళ్ళీ మిక్స్ చేయించారు. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. మొదటిదాంట్లో గోడలా ఒకే ముద్దగా ఉన్నచోట రెండోదాంట్లో డ్రమ్ము దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ వినపడుతుంది. ఆయన తిరిగి రావడం ఎంత కష్టమో ఆ ఖాళీల్లోనే నాకు తెలిసింది.

అయితే మళ్ళీ కలపడం అన్నివేళలా మేలే చేస్తుందని అనుకోకండి. మెగాడెత్ బృందం నాయకుడు డేవ్ మస్టేన్ 2004లో తన పాత ఆల్బమ్‌లు చాలావరకు మళ్ళీ మిక్స్ చేశాడు. 1990 నాటి 'రస్ట్ ఇన్ పీస్' టేపుల్లో కొన్నిచోట్ల గొంతు ట్రాకులు దొరకలేదు. ఆ చోట్ల 2004 గొంతుతో మళ్ళీ పాడాడు. శబ్దం శుభ్రపడింది, కానీ పాత గొంతుతో పెరిగినవాళ్ళకు అది ఇంట్లో ఎవరో కొత్తమనిషి తిరుగుతున్నట్టు అనిపించింది. ఇంకా పెద్ద అన్యాయం ఆజీ ఆస్‌బోర్న్ ఆల్బమ్‌ల విషయంలో జరిగింది. 'బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్' 1980లో, 'డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మాన్' 1981లో వచ్చాయి. వాటిలో బేస్ వాయించిన బాబ్ డెయిస్లీ, డ్రమ్ములు వాయించిన లీ కెర్స్‌లేక్ తమకు రావాల్సిన రాయల్టీ డబ్బుల కోసం కోర్టుకు వెళ్ళారు. 2002లో ఆ ఆల్బమ్‌లు మళ్ళీ వచ్చినప్పుడు వాళ్ళిద్దరి ట్రాకులు తీసేసి, వేరేవాళ్ళచేత వాయించి పెట్టారు. కూలి అడిగినందుకు చేసిన పనే చెరిపేశారన్నమాట. అభిమానుల గోల తగ్గలేదు. 2011లో అసలువాళ్ళ వాయింపును తిరిగి పెట్టారు.

అందుకే నా అభిప్రాయం ఒకటే. కొత్త మిక్సు చేయండి, పాతదాన్ని దుకాణంలోంచి తీసేయకండి. రెండూ దొరకాలి. జస్టిస్ విషయంలో చరిత్రను మార్చకూడదన్న మాటలో నిజముంది. కానీ న్యూస్టెడ్ వాయించింది కూడా చరిత్రే, అది టేపులో పడుకుని ఉంది.

మన తెలుగులో ఇలాంటి పని జరిగిందా అంటే, దగ్గరగా జరిగినది 'మాయాబజార్'. 1957 నాటి సినిమాను హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్ది 2010 జనవరి 30న విడుదల చేసింది. రంగుల గురించే అందరూ మాట్లాడారు గానీ, ఒకే మార్గంలో ఉన్న మోనో శబ్దాన్ని డీటీఎస్‌గా మార్చడం కూడా చిన్న పని కాదు. ఆ రోజుల్లో గాయకులూ ఆర్కెస్ట్రా అంతా ఒకే గదిలో ఒకేసారి వాయిస్తే ఒక్క ట్రాకులో ఎక్కేది. విడి గిన్నెలు లేవు. ఎవరు ఎంత వినపడాలో మైకుకు ఎంత దూరంలో నిలబడ్డారన్న దాన్నిబట్టే తేలిపోయేది.

విడి గిన్నెలు లేని పాటను విడదీసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడొచ్చాయి. ఫ్రాన్సుకు చెందిన డీజర్ సంస్థ 2019లో స్ప్లీటర్ అనే దాన్ని ఉచితంగా ఇచ్చింది. ఫేస్‌బుక్ వాళ్ళ డెమక్స్ ఇంకొకటి. కలిపేసిన పాట ఇస్తే గొంతు, డ్రమ్ములు, బేస్, మిగతావి అని నాలుగు ముక్కలు చేసిస్తుంది. బీటిల్స్ వాళ్ళ 1966 నాటి 'రివాల్వర్' ఆల్బమ్‌ను 2022లో మళ్ళీ మిక్స్ చేయగలిగింది ఇలాంటి విద్యతోనే. సాంబారులోంచి చింతపండు తీయలేమని పైన రాశాను కదా, ఇప్పుడు సగం తీయగలుగుతున్నారు.

ఈ సాఫ్ట్‌వేర్ చేతికి రాగానే నేను మొదట వేసి చూసింది మెటాలికా కాదు. మన హాస్టల్ క్యాసెట్.

పాత మిత్రులకు గుర్తుండే ఉంటుంది. 2004లో ఎనిమిదిమంది పాడేవాళ్ళం, నలుగురు డప్పులవాళ్ళం చందాలేసుకుని కాకినాడలో ఒక స్టూడియోకి వెళ్ళి నాలుగు పాటలు రికార్డు చేయించుకున్నాం. డప్పు ఎక్కువైతే పాట చెడిపోతుందని అక్కడివాళ్ళు డప్పుల నలుగుర్నీ తలుపు బయట వరండాలో నిలబెట్టారు. రెండు మైకులూ పాడేవాళ్ళ ముందే పెట్టారు. క్యాసెట్ వచ్చాక టీ కొట్టు దగ్గర వేశాం. డప్పు కొట్టిన నలుగురిలో ఒకడి నాన్న పనిలోంచి నేరుగా వచ్చి, నాలుగు పాటలూ నిలబడి విని, "మరి మావోడేడ్రా?" అన్నాడు. పక్కింట్లో ఎవరో తలుపు కొడుతున్నట్టుంది డప్పు. ఆయనకు చూపించడానికి మా దగ్గర ఇంకో కాపీ లేదు. రెండు ట్రాకుల్లో కలిపేసిచ్చారు, విడి టేపు అడగాలని కూడా మాకు తెలియదు.

ఆ క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించి ఈ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చాను. దానికి నేర్పిన పాటల్లో ఎక్కువ పాశ్చాత్య పాటలే కాబట్టి డప్పు ఏమిటో దానికి అంతు పట్టలేదు. కుడిచేతి చిర్ర దెబ్బ, లావుగా పడేది, డ్రమ్ముల గిన్నెలో పడింది. ఎడమచేతి చిటికెన పుల్ల, సన్నగా చిటపటలాడేది, మిగతావి అనే గిన్నెలోకి పోయింది. రెండు చోట్ల నుంచీ ఏరుకొచ్చి, క్యాసెట్ గాలి శబ్దం కొంత తగ్గించి, చిర్రను 90 హెర్ట్జ్ దగ్గర, పుల్లను 3,000 దగ్గర ఎత్తి, గొంతుల పక్కన పెట్టాను. గొప్పగా రాలేదు. గొంతుల నీడలు కొన్ని డప్పుతోపాటు వచ్చేశాయి. కానీ నలుగురు కొడుతున్నారని తెలుస్తోంది. ఆ మిత్రుడు ఇప్పుడు కువైట్‌లో డ్రైవరుగా ఉన్నాడు. వాట్సాప్‌లో పంపాను. రెండు రోజులకు జవాబొచ్చింది: "రెండో పాటలో ముక్తాయింపు దగ్గర ఆలస్యంగా పడిన దెబ్బ నాదేరా. ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు, ఎందుకు బయట పెట్టావ్?" వాళ్ళ నాన్నగారికి ఫోనులో వినిపించమన్నాను. వినిపించాడట.

ఈ వార్షికోత్సవానికి తమ్ముళ్ళు మళ్ళీ రికార్డు చేద్దామంటున్నారని విన్నాను. స్టూడియో అక్కర్లేదు, నాలుగైదు ఫోన్లుంటే చాలు. పాడేవాళ్ళ ముందు రెండు, డప్పుల దగ్గర రెండు, మధ్యలో ఒకటి పెట్టండి. అన్ని ఫోన్లలోనూ రికార్డింగ్ నొక్కాక ఒకడు మధ్యలో నిలబడి ఒక్క చప్పట్ గట్టిగా కొట్టాలి. తర్వాత కంప్యూటర్లో ఐదు ఫైళ్ళనూ ఆ చప్పట్ దగ్గర కలుపుతాం. డప్పు పక్కనున్న ఫోన్‌ను మరీ దగ్గర పెట్టకండి, రెండు మూడు అడుగుల దూరం ఉంచి, ముందుగా ఒకసారి గట్టిగా కొట్టి చూసి, గీతలు పైకప్పుకు తగలకుండా చూసుకోండి. తల తెగిన కెరటాన్ని ఎవరూ అతికించలేరు. డప్పుల్ని పాటకు ముందే మంట దగ్గర కాచి ఉంచండి, మధ్యలో శ్రుతి దిగకూడదు. ముఖ్యంగా, పాట తయారైంది కదా అని ఆ ఐదు ఫైళ్ళూ ఫోన్లలోంచి చెరిపేయకండి. వార్డెన్ గారి ఆఫీసు కంప్యూటర్లో ఒక కాపీ, నా దగ్గర ఒకటి ఉంటాయి.

ఆ రోజు నన్ను ప్రశ్న అడిగిన తమ్ముడు బేస్ గిటారు నేర్చుకుంటానంటున్నాడు. నా దగ్గర పాతదొకటి ఉంది, ఒక తీగ లేదు. వచ్చేటప్పుడు తీగ కొని వేసి తెస్తాను.